కాటమయ్య చెట్టు మీద లేచి నిలబడ్డాడు

మా మరిది కాటమయ్య తాటిచెట్టు మీంచి పడ్డాడంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. కళ్లతో చూసిన నేనే నమ్మలేదు. బాయిలో పడ్డవాళ్లను చూశాం, తాగి బాటెంబడి పడ్డవాళ్లను చూశాం. కాటమయ్య చెట్టు మీంచి పడటమంటే చేప నీళ్లలో మునిగి చచ్చిందన్నట్టే.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతను నిక్కరు తొడుక్కుని తిరిగే పిల్లగాడు. అప్పుడే నడుముకు మోకు కట్టుకుని వాళ్ల నాయన వెనక చెట్టెక్కేవాడు. మోకంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. వెనక్కి వాలి దాని మీద బరువు వేస్తేనే అది చెట్టును కరుచుకుంటుంది. రెండు చేతులూ వదిలేసి కొసన కల్లు గీసేది ఆ వాలు మీదే. మీరు అరుగు మీద ఎంత నిమ్మళంగా కూర్చుంటారో, మా మరిది మోకులో అంత నిమ్మళంగా కూర్చునేవాడు. అక్కడినుంచి ఊరంతా కనబడేది.

"వదినె, మా అన్న బాయికాడ బీడీ తాగుతుండు. నిన్న మానేసిన్నని నీకు చెప్పలే?" అని పైనుంచే కేకేసి నా కాపురంలో నిప్పు పెట్టేవాడు.

బడి ముఖం చూసిన మనిషి కాదు. నేను మూడో తరగతి దాకా చదివిన దాన్ని, బస్సు మీద ఊరి పేరు ఎవరినీ అడక్కుండా చదువుకుని ఎక్కుతాను. అతనికి ఆ మాత్రమూ లేదు. లేక లేక పుట్టిన కూతురు మానసను మాత్రం హాస్టలు బడిలో వేశాడు. పిల్ల పదో తరగతికి వచ్చింది. అంతలో కరోనా వచ్చింది. హాస్టలు మూశారు. పెట్టె నెత్తిన పెట్టుకుని పిల్ల ఇంటికొచ్చింది, బడేమో ఫోన్లోకి పోయింది.

మా ఊరు హాలియా దాటాక, కాలువ నీళ్లు రాని దిక్కున, గుట్టల నడుమ ఉంటుంది. నీళ్లే రాని ఊరికి సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది? మానస ఫోను పట్టుకుని మిద్దెలెక్కింది, గుట్టెక్కింది, చేయి పైకెత్తి పెంటకుప్ప మీద కూడా నిలబడింది. ఒకనాడు కాటమయ్య మరిచిపోయి ఆ ఫోను నడుముకు దోపుకునే చెట్టెక్కాడు. కొసకు పోయేసరికి అది తేనెటీగలా ఝుమ్మనడం మొదలుపెట్టింది. వారం పాఠాలన్నీ ఒక్కసారే దిగాయి.

కిందికొచ్చి, "నీ బడి మీద ఉన్నది బిడ్డా, మనం కింద దేవులాడుతున్నం" అన్నాడు.

ఆ రోజు నుంచి పొద్దునా మాపటా కల్లుతోపాటు పాఠాలు దించడం అతని పనైంది. భార్య జానమ్మ పాత చీరకొంగుతో సంచి కుట్టి మెడలో వేసింది. పైకి పోయాక ఏ బొత్తం నొక్కాలో మానస నేర్పింది. పచ్చది నొక్కితే పిల్ల పేరు సారు ఫోన్లో కనబడుతుందట, హాజరు పడుతుందట. అది తెలిసి వాడ పిల్లలంతా తమ ఫోన్లు తెచ్చారు. సంచి నిండింది. చెట్టు కింద ఒక పక్క తాగేవాళ్లు, ఒక పక్క రాసుకునే పిల్లలు. తాగేవాళ్లు గొంతు తగ్గించి తిట్టుకోవడం నా బతుకులో మొదటిసారి చూశాను.

నా నోరు ఊరుకుంటుందా?

"కాటమయ్యా, కల్లు గీస్తున్నవా, ఫోన్లు మేపుతున్నవా?"

"మేపుతున్న వదినె. పొద్దుగాల ఇంత, మాపటికింత మేస్తున్నయి."

పత్తి తీసే రోజులు. సద్ది గిన్నె పట్టుకుని కుంట కాడి తాళ్ల దగ్గరికి వచ్చాను. మానస నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. కాటమయ్య కొసన ఉన్నాడు. ఉన్నట్టుండి పైనుంచి ఎవరిదో మగ గొంతు వినబడింది. తాటిమట్టల్లోంచి కొత్త మనిషి మాట్లాడుతుంటే సద్ది గిన్నె కింద పెట్టి పైకి చూశాను.

"మానసా, లైన్లో ఉన్నావా? పేరు కనబడుతోంది, పలకవేం?"

"విజేందర్ సారు" అంది మానస. రోజూ పేరు చూసి ఊరుకునే సారు ఆ రోజు పిలిచాడు.

పైనుంచి కాటమయ్య, "దండం సార్" అన్నాడు.

అని లేచి నిలబడ్డాడు.

నేను చెప్పేది అబద్ధమైతే నా నోరు పడిపోవాలి. వాలి కూర్చున్న మనిషి, చెట్టు కొసన, నిటారుగా లేచి రెండు చేతులూ జోడించాడు. బరువు తీసేసరికి మోకు వదులైంది. ఛాతీ చెట్టుకు రాసుకుంటూ జారాడు, నడుమ ఎక్కడో తాడు పట్టి ఆపింది, మళ్లీ వదిలింది. కల్లు లొట్టి ముందు పగిలింది, తర్వాత మనిషి పడ్డాడు. ఫోన్లో "ఏమైంది, ఏం చప్పుడది" అంటున్న సారు గొంతు, మనిషి నేలకు వచ్చేలోపే తెగిపోయింది.

తొడ వంకరపోయి ఉంది. మానస అరుపుకు చేన్లలోంచి జనం ఉరికొచ్చారు. అతను పళ్లు బిగబట్టి, "సారు అడిగిండు. పలుకు బిడ్డా" అంటున్నాడు.

అంబులెన్సులో పక్కన కూర్చుని అడిగాను.

"ఎందుకు లేచినవయ్యా?"

"సారు మాట్లాడుతుంటే కూసోని ఎట్ల మాట్లాడుత వదినె."

కరెంటు మీటరు చూసే సారు వచ్చినా లేస్తాడు, గొడ్ల డాక్టరు వచ్చినా లేస్తాడు, అది తెలుసు. గాలిలో ఉన్నప్పుడు కూడా లేస్తాడని ఎవరనుకుంటారు?

నల్లగొండ పెద్ద దవాఖానలో తొడలో కడ్డీ వేశారు. ఇక చెట్టు మాట మరవమన్నారు. ఇంటికి తెచ్చాక విజేందర్ సారు మూతికి గుడ్డ కట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆనాడు ఫోన్లో చప్పుడు విని భయపడి వచ్చాడట, సంగతేమీ తెలియదు. నేనే గడపలో నిలబెట్టి చెప్పాను.

"సార్, మీరు పిలిచేది ముందుగల చెప్పుండ్రి. మా మనుషులు చెట్ల మీద ఉంటరు."

"చెట్టు మీద... క్లాసా?" అన్నాడు సారు. తెచ్చిన పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

సారు పోయాక అసలు సంగతి వచ్చింది. గీసిన గెలను రోజూ చెక్కకపోతే ఎండిపోతుంది. వెంకటేష్ అని మా వాడ గీతగాడే, కాటమయ్యకు వరుసకు అల్లుడు, దవాఖాన రోజుల్లో ఆ గెలలు చెక్కింది అతనే, మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మామా, నీ చెట్లు ఇగ నేనే గీస్త. సగం కల్లు మీ ఇంటికి. మన రివాజే గద."

"సగం వద్దు. అంత నువ్వే తీస్కో. గీత సంఘంల పేరు గూడ మార్పిస్త, చెట్లు ఇగ నీయే. పొద్దుగాల, మాపటికి నా బిడ్డ ఫోను మీదికి తీస్కపో. గంతే."

వెంకటేష్ నా మొహం చూశాడు. మా మామ గీసిన చెట్లవి.

"ఫోనుకు చెట్లెందుకు మామా, ఊకెనే తీస్కపోత."

"ఊకెనే అయితే నాలుగు దినాలు తీస్కపోతవు, ఐదోనాడు మర్సిపోతవు. చెట్లు నీయి అయితే మర్సిపోవు."

జానమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "అక్కా, నువ్వన్న చెప్పు. ఈ మనిషికి కాలు ఇరిగిందా, తలకాయ ఇరిగిందా?"

"కాటమయ్యా" అన్నాను, "చెట్లు ఇచ్చినంక ఏం తింటరు? పిల్లను నా ఎంబడి పత్తికి పంపు. ఒక్క ఏడు ఆగితే బడి ఏడికన్న పోతదా?"

"బడి పోదు వదినె, పిల్ల పోతది. మన వాడల ఆగిన ఆడపిల్లలు ఎవలన్న మల్ల బడికి పోయిండ్రా? ఒక్కల పేరు చెప్పు."

మనసులో ఇల్లిల్లూ తిరిగాను. పత్తి చేన్లో ఒకతి, అత్తగారింట్లో ఒకతి, సంకన బిడ్డతో ఒకతి. ఒక్క పేరూ దొరకలేదు. మానస తలుపు చాటున నిలబడి నా నోటి వైపే చూస్తోంది.

తెల్లారి వెంకటేష్ సంచి మెడలో వేసుకుని కుంట కాడ చెట్టెక్కాడు. మానస కింద నిలబడింది. జానమ్మా నేనూ చేనుకు బయల్దేరి, కాళ్లు సాగక అక్కడే ఆగాం. కాసేపటికి పైనుంచి కేక.

"మానసా, సారు అడుగుతుండు. కప్ప గుండెల ఎన్ని అర్రలుంటయట?"

కింద లొట్టి పట్టుకున్న ముసలోడొకడు, "కప్పకు గుండె ఉంటదా?" అన్నాడు.

"మూడు" అని పిల్ల గొంతు చించుకుని అరిచింది.

"మూడట సార్" అన్నాడు వెంకటేష్ ఫోనుకు. తర్వాత ఇంకేదో అడిగాడు సారు. కింద చెప్పింది పైకి, పైన అడిగింది కిందికి. కుంట గట్టు మీద గొర్లకాపరి కూడా ఆగి విన్నాడు. ఎంత సిగ్గుమాలిన బడి ఇది, ఊరందరి ముందు అరుచుకునే బడి, అనుకుంటూనే ఒక్క మాటా పోనీయకుండా విన్నాను.

జానమ్మను చేనుకు పొమ్మని నేను వెనక్కి ఇంటికొచ్చాను. కాటమయ్య మంచం మీద మెడ నిక్కించుకుని ఉన్నాడు.

"కేకలు వినబడ్డయి వదినె. పిల్ల సక్కగ చెప్పిందా?"

"నాకేం ఎరుక. సారు కాదనలే."

అతను దిండు మీదికి తల వాల్చాడు. నేను కొంగు దోపుకుని పత్తికి పోయాను. ఆ నెలంతా ఇద్దరి సాళ్లు ఏరాను, నావీ, పత్తికొస్తే మానస ఏరాల్సినవీ.