మా మామ అమ్మిన ట్రాక్టరు

పోయిన వారం మా తమ్ముడి కొడుకు పాత ట్రాక్టరొకటి చూద్దాం రమ్మని బతిమాలి నన్ను పులివెందులకు తీసుకుపోయాడు గానీ, నిజం చెప్పాలంటే నేనక్కడ చూసింది ట్రాక్టర్లను కాదు, రంగును. ఊరి బయట రోడ్డు పక్కన కంచె వేసిన ఖాళీ జాగాలో పాత ట్రాక్టర్లన్నీ వరసగా నిలబెట్టారు, దగ్గరికి పోతే ముక్కుపుటాలు మండేంత పెయింటు వాసన. తుప్పు మీద రంగు, పగులు మీద రంగు, ఆయిలు కారి గడ్డకట్టిన మట్టి మీద కూడా తుడవకుండానే రంగు. అరిగి నున్నబడిన టైర్లకు ఏదో నల్లటి జిడ్డు పూసి నిగనిగలాడించారు. వేలు పెడితే ఆ నలుపు వేలికంటుకుంది, ఇంటికొచ్చి సబ్బుతో తోమినా గోరు సందులో మిగిలే ఉంది. నాకు రోత పుట్టింది. ముసలితనానికి రంగు వేసుకోవడం మనుషులకైతే చెల్లుతుందేమో, నేనూ కొన్నాళ్లు తలకు వేసుకున్నవాణ్ణే, కానీ నన్నెవరూ పొలం దున్నడానికి కొనుక్కుపోలేదు కదా.

అమ్మే ఆయన నల్లద్దాలు పెట్టుకున్న పడుచువాడు. మమ్మల్ని చూడగానే ఎన్నాళ్లనో ఎరిగున్నవాడిలా ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, చల్లటి కూల్‌డ్రింకు సీసాలు చేతుల్లో పెట్టబోయాడు. మా వాడు గటగటా తాగేశాడు. నేను వద్దని, మా వాడు ముచ్చటపడిన బండి దగ్గరికి పోయి, దాని బోనెట్టు మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా తగిలింది. ఎండకు కాలిన వేడి కాదది, బండి ఆ జాగాలో ఓ మూలనున్న కొట్టం నీడలో ఉంది. లోపల్నుంచి వచ్చిన వేడి. ఆ వేడి నా అరచేతికి కొత్త కాదు, నలభై ఏళ్లు దాటినా అది మరిచిపోలేదు.

నా ఈడు రైతులకు చెప్పనక్కర్లేదు గానీ, చిన్నవాళ్ల కోసం చెబుతాను. పాత ఇంజను గుట్టంతా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. రాత్రంతా నిలిచిన బండిని పొద్దున్నే తిప్పితే అది దగ్గేది, గునిసేది, తెల్ల పొగో నల్ల పొగో కక్కేది అప్పుడే. అందుకని అమ్మేవాడు మోసగాడైతే, కొనేవాడు వచ్చే ముందే నలుగురితో తోయించో ఏం చేసో బండిని లేపి, కాసేపు తిప్పి ఆపి పెడతాడు. ఆ తర్వాత ఎవరు తాళం తిప్పినా అది బుద్ధిమంతురాలిలా ఒక్క పెట్టున లేస్తుంది. కాబట్టి పాత బండి దగ్గరికి పోయినవాడు మొదట చూడాల్సింది రంగూ కాదు, టైర్లూ కాదు. బోనెట్టు మీద చెయ్యి పెట్టాలి, వేడిగా ఉంటే మారుమాట లేకుండా ఇంటిదారి పట్టాలి. ఈ మాట మా నాయనకు ప్రొద్దుటూరులో షెడ్డు నడిపే ఒక మేస్త్రీ చెప్పాడు, మా నాయన నాకు చెప్పాడు.

మా నాయనకు మాత్రం అంతకంటే పాత నియమం ఇంకొకటుండేది. ఎద్దుల్ని కొనడానికి ఏ ఊరికి పోయినా, ఎద్దును చూడకముందు ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. నోరు ఎండిపోయినా సరే, సొరకాయ బుర్రలో ఇంటి నీళ్లు మోసుకుపోయేవాడు. ఒకరింటి నీళ్లు గొంతులోకి దిగినాక వాళ్ల ఎద్దుకు వంక పెట్టడానికి ఆ గొంతు లేవదని ఆయన నమ్మకం. ఆయన పళ్లు చూసి వయసు చెప్పేవాడు, నడక చూసి గిట్ట నొప్పి చెప్పేవాడు, బలంగా కనపడాలని కడుపునిండా నీళ్లు పట్టించి తెచ్చిన ఎద్దును దూరం నుంచే చూసి మొహం తిప్పుకునేవాడు. అట్లాంటి మనిషి ఎక్కడ బోల్తా పడ్డాడంటే, సొంత చెల్లెలి ఇంట్లో పడ్డాడు.

జమ్మలమడుగు పక్కన మాది నల్లరేగడి. చిత్త కార్తె వానకు నేల తడిసి, కాలు దిగబడకుండా ఆరీ ఆరనట్టుగా పదను మీద ఉన్నప్పుడు జొన్న విత్తాలి. ఆ పదను వారం రోజులు నిలిస్తే గొప్ప. అది పోయిందంటే నేల నోరు తెరుచుకుని నెర్రెలు బారుతుంది, ఆ ఏడు ఇక గింజ లేదు. నాకు పెళ్లయిన మరుసటేడు మా నాయన ఇక ఎద్దులతో వేగలేనని, ముద్దనూరు అవతల ఊళ్లో ఉన్న మా మేనత్త మొగుడు తన ట్రాక్టరు అమ్ముతానని కబురు పెడితే, పరాయివాళ్ల దగ్గర కొనడమెందుకని దానికే ఒప్పుకుని, ముందుగానే ఎద్దుల్ని అమ్మేశాడు. ఎద్దులు పోయినాక ఆ ట్రాక్టరు తప్ప మాకు వేరే దిక్కు లేదు.

నన్ను వెంటబెట్టుకుని పొద్దున బస్సుకే పోయాడు. మా అత్త వాకిట్లోనే నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది. అన్న తన ఇంటికి వచ్చి ఏడాది దాటిందని ఆమెకు ఒకటే సంబరం, కోడిని కోసి, సంగటి కెలికి, వేడివేడిగా విస్తళ్లలో పెట్టేసింది. బండి చూసొచ్చి తింటామమ్మా అని మా నాయన ఒకటికి రెండుసార్లు అన్నాడు, ఆ మాటకు ఆమె మొహం చిన్నబోయేసరికి కూర్చుండిపోయాడు. తిన్నాం. మా మామ మాత్రం మాతో కూర్చోలేదు, ఏదో పనున్నట్టు దొడ్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ ఉన్నాడు.

తర్వాత కొట్టంలో ఉన్న ట్రాక్టరు దగ్గరికి పోయాం. మా నాయన దాని చుట్టూ తిరగలేదు, ఎక్కి కూర్చోలేదు, నేరుగా బోనెట్టు మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోవడం చూసి నేనూ పక్కన చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. మా నాయన మెల్లిగా చెయ్యి తీసి, పై గుడ్డకు తుడుచుకున్నాడు.

“పొద్దున యాడికన్నా పోయొచ్చినావా బావా?”

“లేదప్పా, నిన్న మాపట్నుంచీ ఈడ్నే ఉండాది,” అన్నాడు మా మామ, కొట్టం దూలం వైపు చూస్తూ.

అది పచ్చి అబద్ధం.  మా నాయన గొడవ లేవదీస్తాడనుకున్నాను, పదరా పోదాం అంటాడనుకున్నాను. గడపలో మా అత్త నిలబడి ఉంది, మొగుడి బండి అన్నకు పోతున్నదని మొహమంతా నవ్వుతో. ఆమెకు ఆ బోనెట్టు వేడి సంగతి ఏమీ తెలియదు, అది ఆ మొహం చూస్తేనే తెలుస్తుంది. మా నాయన ఆమె వైపు ఒకసారి చూసి, సరేలే బావా అన్నాడు. అంతే, బేరం అయిపోయింది.

తిరిగొచ్చే దారిలో, మా నాయన తోలుతుంటే ఆ దరిద్రపు బండి వెనక చక్రం మీది రేకు పట్టుకుని కూర్చుని, పొగ మొహాన కొడుతుంటే నేను ఉండబట్టలేక అడిగేశాను, తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని.  మా నాయన “చెల్లెలు పెట్టిన కూడు కడుపులో ఉండంగ, దాని మొగుణ్ని దొంగ అని యెట్లంటార్రా?” అన్నాడు. నాకు మామ మీదే కాదు, ఆ మొహమాటం మీద కూడా అసహ్యం వేసింది.

అనుకున్నట్టే అయింది. చిత్తలో మంచి వాన పడింది, నేల పదనుకొచ్చింది, ఊరంతా విత్తనాల గొర్రులు కట్టింది. మా ట్రాక్టరు రెండెకరాలన్నా విత్తకముందే చేను నడుమ గుడగుడమని ఆగిపోయింది. ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగితే దాని కొసన నల్లటి ఆయిలు లేదు, నీళ్లు కలిసి విరిగిన పాల మాదిరి తెల్లటి నురగ కారింది, ఆ కంపు ఇప్పటికీ తలుచుకుంటే వాంతికొస్తుంది. ప్రొద్దుటూరు నుంచి మేస్త్రీ వచ్చి విప్పాడు. ఇంజను పక్కన చీలికుంటే లప్పం కూరి పైన రంగు పూసి ఉంది. అనుమానం వచ్చి గేరుపెట్టె కూడా తెరిస్తే, పళ్ల అరుపు వినపడకుండా ఆయిల్లో రంపప్పొట్టు కలిపి పోసి ఉంది, అది ఉడికి ముద్దై పెంటలాగా తయారైంది. మేస్త్రీ దాన్ని చేత్తో తోడి గట్టు మీద వేస్తుంటే, మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మీ చెల్లెలు పెట్టిన విందు ఇదేనా అంది. మా నాయన చెల్లెలికి కబురు కూడా పెట్టలేదు.

అద్దెకు ఎద్దులు అడిగితే, పదను రోజుల్లో ఎవరిస్తారు, ఎవరి చేను వాళ్లది. రోజులు దొర్లిపోతున్నాయి, చేలో మట్టి పైన పొర తెల్లబారుతోంది. అట్లాంటప్పుడు ఒక పొద్దున నేను చేలోకి పోయేసరికి మా చేలో ఎవరో గొర్రు తోలుతున్నారు. మా మామ! ముద్దనూరు అవతల నుంచి తన ఎద్దుల్ని బండికి కట్టి, గొర్రు వేసుకుని, ఒక్కడే వచ్చాడు. ఈ సంగతి ఆయనకు ఎవరు చేరవేశారో మాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి రాలేదు, పలకరించలేదు, తల కూడా ఎత్తలేదు. రాత్రి బండి కింద పడుకున్నాడు, తన మూటలో తెచ్చుకున్న సంగటి తన కుండలో నీళ్లతో తిన్నాడు. నేను విత్తనాలు అందించాను గానీ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన మొహం చూస్తే ఆ రంపప్పొట్టే గుర్తొచ్చేది.

రెండో రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది, ఆయన కుండ ఖాళీ అయింది. మా నాయన ఇంటి నుంచి తానే చెంబు నిండా నీళ్లు తెచ్చి సాలు కొసన నిలబడ్డాడు. ఎద్దులు అక్కడికి వచ్చి ఆగాయి. మా మామ పెదవులు పగిలి ఉన్నాయి, చెంబు వైపు చూశాడు, మళ్లీ నేల చూశాడు.

“ఈ ఇంటి నీళ్లు తాగే మొగం కాదు బావా నాది,” అని ఎద్దుల్ని మళ్లించుకుని పోయాడు.

మా నాయన చెంబును గట్టు మీద పెట్టి వచ్చేశాడు. సాయంకాలం నేను పోయి చూస్తే నీళ్లు అంచు దాకా అట్లాగే ఉన్నాయి, పైన దుమ్ము తేలుతోంది. పదను పోయేలోపు చేను సగమే అయింది, మిగిలిన సగం ఆ ఏడంతా బీడు. మా మామ వచ్చిన దారినే బండి కట్టుకుని పోయాడు. నేను ఆయన్ను ఆనాడు క్షమించలేదు, ఆయన పోయినాక కూడా క్షమించలేదు, ఇప్పుడీ మాటలు రాస్తూ కూడా క్షమించానని చెప్పను. సగం చేను బీడు పెట్టినవాణ్ణి ఎట్లా క్షమిస్తాం?

పులివెందులలో ఆ వెచ్చటి బోనెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డప్పుడు ఇదంతా ఒక్కసారిగా కళ్లముందుకొచ్చింది. ఈసారి నేను ఎవరి కూడూ తినలేదు, ఎవరి నీళ్లూ తాగలేదు, కాబట్టి గొంతు లేచింది. మేమొస్తామని బండిని ముందే వేడి చేసి పెట్టినావు కదా అని ఆ నల్లద్దాలవాణ్ణి నలుగురి ముందే అడిగాను. దూలం వైపు చూస్తాడనుకున్నాను, కనీసం తడబడతాడనుకున్నాను. వాడు పకపకా నవ్వాడు.

“వేడి చేయకుంటే యాడ లేస్తాది మామా, పాత బండి కదా! ఇది వద్దంటే ఇంగోటి ఉండాది, చూస్తావా?” అని, నేను వద్దన్న కూల్‌డ్రింకు సీసా మళ్లీ నా ముందుకే చాపాడు.

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను గానీ, మా వాడు దారి పొడుగునా వాణ్ణి మెచ్చుకుంటూనే ఉన్నాడు. “శానా హుషారు మనిషి పెదనాయనా,” అంటాడు. వీడు ఈసారి చేలో బుడ్డశనగ విత్తాలి, చేతిలో ఇంకా బండి లేదు, ముద్దనూరు దాటేలోపే ఫోన్లో ఇంకొక ట్రాక్టరు ఫోటో చూపించాడు, దాని రంగు ఇంకా తడిగా ఉన్నట్టే ఉంది. మోసం మా కాలంలో లేదని నేను అననండీ, మా ఇంట్లోనే జరిగింది. కానీ చేసినవాడికి ఆ తర్వాత మా ఇంటి చెంబెడు నీళ్లు గొంతు దిగలేదు. ఇప్పుడు చేసేవాడే నవ్వుతూ మనకు తాగడానికి ఇస్తున్నాడు, మన పిల్లలు తాగుతున్నారు. జీవితమంతా అసహ్యించుకున్న మా మామ వంచిన తల గురించి, ఈ వయసులో, ఇంత బెంగగా తలుచుకోవాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.