గోడలో వేడి

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట. పెద్దపల్లిలో ఇంటర్ చదివి, పెళ్లయి గోదావరిఖనిలోని గని కార్మికుల క్వార్టర్‌కు కాపురానికి వచ్చాను. కరెంటు గురించి నాకు తెలిసింది పుస్తకంలో ఉన్నంతే. అత్తగారింట్లో మాత్రం, గని కంపెనీ ఇచ్చే కరెంటు ఉచితమే గనుక, వంటంతా కరెంటు హీటర్ల మీదే. గ్యాస్ బండ ఉన్నా చుట్టాలొస్తేనే ముట్టించేవాళ్లు.

ఒక పొద్దున స్విచ్‌బోర్డు పక్కన చెయ్యి ఆనిస్తే గోడ వెచ్చగా తగిలింది. అటువైపు పొయ్యి లేదు, ఎండ పడదు. అదే వారం ఫ్యూజు రెండుసార్లు పోయింది. విసుగొచ్చి మా ఆయన సన్నటి ఫ్యూజు తీగ తీసేసి, అక్కడ లావుపాటి రాగితీగ చుట్టాడు.

"ఇగ పోదు," అన్నాడు సంబరంగా.

నిజమే, పోలేదు. గోడ మాత్రం ఇంకా వేడెక్కింది.

ఇక నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. బియ్యం ఏరుతూ లేచేదాన్ని, అన్నం తింటూ లేచేదాన్ని, పోయి గోడ తాకి వచ్చేదాన్ని. అత్తమ్మ నవ్వేది: "ఏందే పిల్లా, గోడకు జరమొచ్చిందా?"

హీటరు మీద రెండు వేల వాట్లని రాసి ఉంది. పాత క్యాలెండర్ వెనక లెక్క వేశాను. రెండు వందల ముప్పై వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లకు దగ్గర. హీటర్లు రెండు. గోడలోని తీగేమో బల్బుకూ ఫ్యానుకూ వేసింది. లెక్క తేలాక భయం ఇంకా పెరిగింది.

మరునాడు మా ఆయన మొదటి షిఫ్టుకు పోయాక అత్తమ్మ రెండు హీటర్లూ పెట్టింది. కాసేపటికి రబ్బరు కాలిన వాసన. ఉరికెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాను.

"అన్నం సగమే ఉడికింది! పిచ్చి లేసిందా నీకు?" అని అత్తమ్మ అరిచింది.

గనిలో పనిచేసి రిటైరైన మామయ్య వాకిట్లోంచి వచ్చాడు. "ఏమైంది బిడ్డా? ఓల్టేజీ ఎక్కువొచ్చిందా?"

"లేదు మామయ్యా, ఓల్టేజీ ఎప్పటిలెక్కనే ఉన్నది. రెండు హీటర్లు గుంజే కరెంటు ఎక్కువైంది. గోడల ఉన్నది సన్న తీగె, దాన్ని మొయ్యలేక కాలుతున్నది. గట్ల కాలకుండ ఫ్యూజు ముందే తెగిపోవాలె. మనం దాన్ని తెగకుండ చేసినం."

ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. బోర్డు విప్పి చూస్తే తీగల మీది తొడుగు కరిగి నల్లబడింది. ఇంకొంచెమైతే రెండు తీగలూ కలిసి మంటలు లేచేవే. ఆయన ఫ్యూజులోని రాగితీగ పీకేశాడు.

"గనిల ఇట్ల చేస్తే ఊకుంటరా? ఇంట్ల మనమే చేసుకుంటిమి," అన్నాడు నెమ్మదిగా.

డ్యూటీ దిగి వచ్చిన కొడుకును గట్టిగానే తిట్టాడు. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి హీటరుకు వేరే లావు తీగ లాగాడు, ఫ్యూజుకు అసలు తీగ కట్టాడు. రెండో హీటరు అటక ఎక్కింది. అత్తమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు పక్కింటామెను వెంటబెట్టుకొచ్చింది. "మా కోడలు చెయ్యి వెట్టి చెప్తది. మీ ఇంట్ల గోడ సూపియ్యి."

పోయి చూశాను. వాళ్ల గోడా వెచ్చగానే ఉంది, వాళ్ల ఫ్యూజులోనూ రాగితీగే. అంతా విడమరిచి చెప్పాను. ఆమె తల ఊపి, "మా ఆయన రానియ్యి, చెప్త," అంటూనే పప్పు గిన్నె హీటరు మీద పెట్టింది.

ఇంటికొచ్చాను గానీ లోపల నిలవలేకపోయాను. వాళ్లాయన డ్యూటీ దిగి వచ్చేదాకా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.