ఉత్త గిన్నె

పక్కింటి గిన్నెను ఉత్తగా తిరిగివ్వకూడదనే ఆచారం ఎవరు పెట్టారో గానీ, దాని మీద నాకు ఇప్పటికీ మంటే. అందరూ దాన్ని మంచితనమంటారు. కడుపు నిండినవాళ్లకు అది మంచితనమే.

అరవైల మొదట్లో మా ఆయనకు సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పంలో బడిపంతులు ఉద్యోగం. చేపలు పట్టేవాళ్ల పల్లెను అక్కడ కుప్పమనే అంటారు. ఎదురింటావిడ నాకంటే కాస్త పెద్దది. పంతులుగారి భార్యనని నన్ను అయ్యోరమ్మా అని పిలిచేది. నేను గిన్నెలో పప్పు పంపితే ఆ గిన్నెలోనే రొయ్యల వేపుడు వచ్చేది. దోసకాయ పచ్చడి పంపితే పీతల పులుసు వచ్చేది. నిజం చెప్పాలంటే లాభమంతా మాదే.

ఒక ఏడు సముద్రం నుంచి సరస్సులోకి నీళ్లొచ్చే మొగ ఇసుకతో పూడిపోయింది. చేపలు లేవు. వాళ్ల వలలు దండేల మీదే ఎండిపోయాయి. మాకేమో నెల తిరిగేసరికి జీతం వస్తూనే ఉంది. ఆవిడ చంకలో పాలు తాగే బిడ్డ. తల్లి తింటేనే కదా పాలు! అందుకని రోజూ ఏదో ఒకటి పంపడం మొదలుపెట్టాను. గిన్నెలు వెళ్తున్నాయి గానీ ఒక్కటీ తిరిగి రావడం లేదు. చివరికి మా ఇంట్లో చారు పోసుకోవడానికి గిన్నె లేకపోయింది. ఆవిడేమో నన్ను చూస్తే తలుపు చాటుకు తప్పుకునేది. నీళ్లకు కూడా చుట్టుదారిన వెళ్లేది.

నాకు ఒళ్లు మండింది. నేరుగా వాళ్లింటికే వెళ్లాను. నా గిన్నెలన్నీ తళతళా తోమి, గోడవార బోర్లించి ఉన్నాయి.

"గిన్నెలియ్యక్కా, వండుకునేదానికి లేవు," అన్నాను.

"ఉత్త గిన్నెలు ఎట్టిచ్చేది అయ్యోరమ్మా? మొగ తెరుచుకోనీ."

"ఉత్తవే ఇయ్యి. నేనేమన్నా అడిగినానా నిన్ను?"

"నువ్వడగవు. నేనే తలెత్తుకోలేక చస్తావుండా. ఇంక పంపబాకమ్మా."

"బిడ్డ మొహం చూసినావా? ఎట్టా పీక్కపోయిందో!"

ఆవిడ బిడ్డను కొంగుతో కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఒట్టి చేతులతో తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున్నే గిన్నెలన్నీ మా అరుగు మీదున్నాయి. ఒకదాంట్లో మునగాకు, ఒకదాంట్లో ఉప్పు, ఇలా ప్రతిదాంట్లోనూ ఏదో కాస్త. పెద్ద గిన్నెలో కోడిగుడ్లు. ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. వాళ్ల కోడి పొదుగుతున్న గుడ్లు! నాలుగు రోజులాగితే పిల్లలయ్యేవి, ఆ ఇంటికి ఆసరా అయ్యేవి. నా పప్పుకీ పచ్చడికీ ఇవా బదులు? పరుగున తీసుకెళ్లి ఇవ్వబోతే ఆవిడ ముట్టుకోనైనా లేదు.

"ఇచ్చింది ఎనక్కి తెస్తావా? మాకు మరేద లేదా?" అంది.

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను చూసి తప్పుకోలేదు. ఇద్దరం సమానమైపోయామట. ఇక నేనేం పంపినా తీసుకోదట. వీధిలో ఎదురైతే తలెత్తి, నవ్వుతూ, "ఏం కూర చేసినావు అయ్యోరమ్మా?" అని పలకరించేది. నేను కూర పేరు చెబుతుంటే, ఆవిడ కొంగు కింద బిడ్డ పాలు రాని రొమ్మును లాగి లాగి ఏడ్చేది.