పంటి కింద జాజు

మా అక్కకు జాజు కడగడం ఒక పిచ్చి. గడపలకూ గోడల అంచులకూ పూసే ఆ ఎర్రమట్టిని ఊళ్లో అందరూ నీళ్లలో కలిపి అట్లాగే పూసేవారు. ఆమెకు అది నచ్చేది కాదు. బొంరాస్‌పేట దగ్గర, తన అత్తగారింటి వాకిట్లో, వెడల్పాటి బేసిన్‌లో పాత నూనె డబ్బా నిలబెట్టి అందులో మట్టి పోసేది. అరుగు మీది బకెట్ నుంచి సన్నటి రబ్బరు పైపును డబ్బా అడుగుదాకా దించేది. నీళ్లు కింది నుంచి మెల్లగా పైకి లేచేవి. వాటితో పాటు మెత్తటి మట్టి లేచి, అంచు దాటి బేసిన్‌లోకి జారేది. బరువైన ఇసుక అడుగునే ఉండిపోయేది. పైపును వేళ్లతో నొక్కి ధార తగ్గించడంలోనే ఉంది పనంతా. నాకు ఆ ఓపిక ఏనాడూ లేదు.

"నీళ్లు ఉరికితె ఇసుక గూడ ఉరుకుతది. జర ఆగరాదే!" అని కసిరేది.

కడిగిన మనిషి తన జాజును తానే నోట్లో వేసి చూడకూడదని మా పుట్టింటి పద్ధతి. ఎవరి పని వాళ్ల నోటికి మెత్తగానే ఉంటుంది కదా. అందుకని నేను వెళ్లినప్పుడల్లా అక్క చిటికెడు నా నాలుక మీద పెట్టేది. నేను ముందుపళ్ల మధ్య రుద్ది చూసేదాన్ని. కరకరమంటే మళ్లీ కడగాల్సిందే. వెన్నలా ఉన్నా సరే, ఆమెను ఏడిపించడానికి మొహం వికారంగా పెట్టేదాన్ని.

నేను తాండూరులో కాపురం పెట్టి చాలాకాలమైంది. కొన్నాళ్లుగా అక్కకు మనుషులు గుర్తుండడం లేదు. వెళ్తే, "ఎవలమ్మా నువ్వు? చాయ్ తాగుతవా?" అంటుంది. నన్ను ఏందే, పోవే అని తిట్టిన నోట ఆ మర్యాద వినలేను. ఇంటికొచ్చి ఏడుస్తాను. ఒక్కసారి గుర్తుపడితే చాలనిపిస్తుంది.

మొన్న మా డాబా మీద నేనే జాజు కడిగాను. నిజంగానే ఓపిక పట్టాను. ఆఖర్న కింద కుక్కర్ కూత మీద కూత పెడుతుంటే చిరాకెత్తి పైపు వదిలేశాను. ఆరిన మట్టిని స్టీలు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను.

అక్క ఎదురుగా కూర్చుని చిటికెడు తీస్తే, అడగకుండానే నాలుక చాపింది. కళ్లు మూసుకుని పళ్ల మధ్య రుద్దింది. ఆ కరకర నాకూ వినిపించింది.

"తొందరల కడిగిండ్రు గిది," అంది. "మా చెల్లె గూడ గిట్లనే. పైపు చేతికిస్తె ఇడిచిపెడ్తది."

"మీ చెల్లె ఏడుందక్కా?"

"తాండూర్ల. మస్తు దినాలైంది రాక. నీకు కనవడితె జర రమ్మని చెప్పమ్మా."

చెప్తానన్నాను. ఆమె నా భుజం మీదుగా వాకిలి వైపు చూస్తూ కూర్చుంది.