బండి కింద మనిషి

ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతాంది. డోన్‌లో మా అన్న దేవదానం ఇరవై ఏండ్లుగా మెకానిక్కు. స్ప్రింగులకు బదులు గాలి బెలూన్ల మీద నిలబడే, కొండదారుల్లో తిరిగే పెద్ద కారు వస్తే, ముందు బటన్ నొక్కి బెలూన్లకు గాలి ఎక్కించి దాన్ని పూర్తిగా పైకి లేపుతాడు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తన జేబులో వేసుకుంటాడు. చట్రం కింద ఇనుప స్టాండ్లు పెట్టేది ఆ తర్వాతే.

ఊళ్లో వ్యాపారం చేసే హర్షవర్ధన్ బండికీ అట్లే చేసినాడు. హర్షవర్ధన్ తల్లి నాగలక్ష్మమ్మను ఒంటిమిట్ట గుడికి తీసుకపోతా, ఎడమపక్క ఎత్తు తగ్గుతాందని మా షెడ్డుకు వచ్చినాడు. అన్న ఒక స్టాండు పెట్టి, రెండోది పెట్టేకి కిందికి దూరినాడు. అంతలో బుస్సుమని బెలూన్లలో గాలి పోయింది. బండి దిగిపోతాంటే అన్న దొర్లుకుంటా బయటపడినాడు. వీపంతా గీరుకపోయింది.

హర్షవర్ధన్ స్టీరింగు ముందర కూర్చోనుండాడు. బండికి వాని రెండో తాళంచెవి పెట్టుండాది.

"మా అమ్మ ఎండకు నిలబడలేక బండ్లో కూర్చుంటా అనె. ఎక్కలేకుండా ఉండాదప్పా, బటన్ నొక్కి రోంత దించినా," అన్నాడు.

"నేను కిందుండేది తెలీదా?"

"తెలుసు. స్టాండ్లు పెట్టింటావు అనుకుంటి."

పెట్టినావా అని ఒక్క మాట అడిగేకి వాని నోరు పడిపోయిందా?

అన్న లోపలినుంచి చెక్కపీట తెచ్చి బండి పక్కన దబ్బుమని వేసినాడు.

"ఇదో, మీ అమ్మకు పీట. అడిగింటే ముందే వేసేవాణ్ణి కదప్పా. నన్ను పీట చేసేకి చూస్తివే!"

నాగలక్ష్మమ్మ బండిలో పెట్టిన కాలు కిందికి తీసుకునింది.