పువ్వును బోర్లించి చూసిన టీచరమ్మ

టీచరమ్మ పోయిందని సారయ్య ఫోనులో చెప్పాడు. సారయ్య మా ప్రార్థన మందిరానికి వచ్చే తమ్ముడు, ఆటో నడుపుతాడు. నేను కాజీపేట రైలింజన్ల షెడ్డులో డ్యూటీ ఎక్కబోతున్నాను. "అయ్యగారూ, టీచరమ్మ పోయింది. నిద్రల్నే పోయిందట" అన్నాడు. ఇద్దరం ఫోను పెట్టేయలేదు. అతని ఆటో ఇంజను చప్పుడు వింటూ అట్లాగే నిలబడ్డాను.

ఆదివారాలు మందిరంలో నా ప్రసంగాలు విన్నవాళ్లకు నా గొంతు తెలుసు. మైకు లేకున్నా నాలుగు వీధులకు వినిపిస్తుంది. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా చంకలోని గ్రంథమే. ఇవాళ మాత్రం గొంతు తగ్గించి రాస్తున్నాను. నోరు మూసుకుని చూడటం నాకు నేర్పిన మనిషి గురించి అరిచి చెప్పడం బాగుండదు.

సుబేదారిలో మా ఇంటికీ టీచరమ్మ ఇంటికీ ఒకటే గోడ. ఆమె బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. వానలు పడ్డాయంటే చాలు, వారానికి రెండుసార్లు గుట్టలెక్కేది. చేతిలో గొడుగు, మెడలో నల్లదారానికి కట్టిన భూతద్దం. అక్కడ బండల మధ్య పూసే పసుపు పూలంటే ఆమెకు ప్రాణం. అందులోనూ పొద్దుతిరుగుడు పువ్వుకు చుట్టాలైనవి మరీను. దిగివచ్చాక గోడ మీదుగా పలకరించేది. "ఏం వాక్యం, ఇయ్యాల ఎవల మీద పడ్డవ్?" నా పేరు ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఎప్పుడూ గ్రంథంలోని వాక్యమే చెప్తానని నేను ఆమెకు 'వాక్యం'. ఆమెది మా విశ్వాసం కాదు, మా మందిరం గడప ఎన్నడూ తొక్కలేదు.

ఒకసారి ఉడికిద్దామని అడిగాను. "ఒక్క పసుపు పువ్వుకు ఇన్ని పేర్లెందుకు టీచరమ్మా? దేవుడు చేసిన పువ్వు అంటే సరిపోదా?"

"మీ గ్రంథంల మొదటి మనిషి జంతువులకు పేర్లు పెట్టిండు గదా. పూలకాడికి వచ్చెటాలకు పండుకున్నడు. ఆ పని నా నెత్తిన పడ్డది" అన్నది.

నవ్వాను. లోపల మాత్రం మండింది.

ఇక దాచకుండా చెప్పవలసిన సంగతి. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం అడవి పువ్వుల మీద ప్రసంగం చేశాను. వాటిని తేరిచూడమని గ్రంథంలో ఉన్న మాట మీద నేను ఎన్నిసార్లు నిప్పులు కురిపించానో లెక్కలేదు. ఆ రోజు ఊపు ఎక్కువైంది. "మన గుట్ట మీద విరగబూసిన పసుపు పువ్వు చూడండి, అదే పసుపు గుంటగలగర! దాని పసరు కామెర్లకు మందు! దేవుడు మందును మన కళ్ల ముందరే పెట్టాడు!" అన్నాను. జనం స్తోత్రం అన్నారు. నిజానికి నేను ఆ గుట్ట ఎక్కలేదు. డ్యూటీకి పోతూ కింది నుంచి రంగు చూశానంతే.

రెండు రోజులకు సారయ్య పూలతో సహా ఒక కట్ట ఆకు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. అతని భార్యకు కామెర్లు. "పొద్దుగాల ఒక గిలాస తాపిన అయ్యగారూ. అప్పటికెల్లి వాంతులైతానయ్. ఇదేనా, వేరేదా, జర చూడరాదుండ్రి."

చూశాను. పసుపుగా ఉంది. "ఇదే" అన్నాను.

"ఇటియ్యి" అని గోడ అవతల నుంచి ఒక చెయ్యి వచ్చింది.

టీచరమ్మ పువ్వు ముఖం చూడలేదు. బోర్లించింది. రేకుల కింద, కాడ చివర ఉండే ఆకుపచ్చని గిన్నెకు భూతద్దం ఆనించింది. ఆకును నలిపి వాసన చూసింది.

"ఏడ దొరికిందిరా?"

"గుట్ట మీద, బండ సందులల్ల."

"పసుపు గుంటగలగర నీళ్లొడ్డున పాకుతది, బండల్ల కాదు. దాని గిన్నెకు వెడల్పాటి ఆకులుంటయ్. దీనికి చూడు, సూదుల్లెక్క ఉన్నయ్. ఇది అది కాదు."

"మరి ఇదేంది టీచరమ్మా?" అన్నాను నేను.

"తెల్వదు. తెల్వనిదాన్ని మనిషికి తాపుతరా? తెల్సినదైనా సరే, కండ్లు పచ్చవడ్డ మనిషిని ఇంట్ల పండుకోవెడ్తరా? సారయ్యా, దవాఖానకు తోల్కపో. ఇప్పుడే. ఆటో నీదే గదా!"

పదకొండు రోజులుంది ఆ తల్లి దవాఖానలో. అంత ముదిరింది జబ్బు వల్లనో, నా పసరు వల్లనో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. సారయ్య ఆకు తెచ్చిన రోజు సాయంత్రమే టీచరమ్మ నన్ను గోడ దగ్గరికి పిలిచింది.

"ఇంకెంతమందికి చెప్పినవ్?"

"మందిరంల అందరికి."

"మైకులనా?"

"మైకులనే."

"అయితే మైకులనే వాపస్ తీస్కో."

"ఇంటింటికి పోయి చెప్త టీచరమ్మా. సభల నిలవడి తప్పయిందంటే రేపటికెల్లి నా మాట ఎవలింటరు?"

"తప్పు చెప్పెటప్పుడు నాలుగు వీధులకు వినవడ్డది. ఇప్పుడు చెవులల్ల చెప్తవా?"

ఆదివారం దాకా రోజూ గ్రంథం తెరిచి నన్ను సమర్థించే మాట కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. తమను తాము సమర్థించుకున్నవాళ్లకు అక్కడ ఏ గతి పట్టిందో మాత్రం పేజీ పేజీకీ కనిపించింది.

ఆదివారం ముసురు పట్టింది. మైకు పట్టుకున్నాక గేటు వైపు చూస్తే గొడుగు కింద టీచరమ్మ. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. "పోయిన వారం చెప్పిన పువ్వును నేను చూడలేదు" అన్నాను. "చూడకుండానే పేరు పెట్టాను. తప్పు నాది. ఎవరూ ఆ పసరు తాగకండి. జబ్బు చేస్తే దవాఖానకు పోండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. చివరి వరుస నుంచి ఒక ముసలమ్మ లేచింది. "నా మనుమరాలికి తాపుదామని నూరి పెట్టిన బిడ్డా. పోయి పారవోస్త" అని చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి నడిచింది. ఇంకొక్క పూట ఆలస్యం చేసి ఉంటే!

మళ్లీ చూసేసరికి గేటు దగ్గర గొడుగు లేదు. రాత్రి దాకా ఆమె గోడ దగ్గరికి రాలేదు. మర్నాడు మాత్రం వచ్చింది. "వాక్యం, గుట్టకు పోదాం పా. ఇన్నేండ్లు చదివినవ్ గని, చూడలే."

అప్పటి నుంచి ప్రతి వానకాలం నా వీక్లీ ఆఫ్ గుట్ట మీదే. గ్రంథం నా సంచీలో, ఆమె నోటుబుక్కు ఆమె సంచీలో. తంగేడు చూపించి "రేకులు అయిదు, విడివిడిగ. ఇది చిక్కుడు ఇంటిది" అనేది. గడ్డిచామంతిని కాలితో చూపి "ఇది మనది కాదు, ఎన్నడో ఓడెక్కి, రైలెక్కి వచ్చింది" అనేది. ఒక రోజు చిన్న పసుపు పువ్వును గోటితో విడదీసి నా అరచేతిలో పోసింది. పోగుల్లాంటివి ఎన్నో. "ఇది ఒక్క పువ్వనుకుంటున్నవా? ఒక్కొక్కటీ ఒక పువ్వు. అన్నీ కలిసి సభ పెట్టుకున్నయ్. మీ మందిరం కంటె నిండుగున్నది" అని నవ్వింది.

ఆమె నోటుబుక్కంతా పెన్సిలు రాతే. ఎందుకని అడిగితే, "తప్పని తెలిస్తే చెరపాలె గదా" అనేది. సారయ్య తెచ్చిన ఆ పువ్వుకు ఒక పేజీ ఉంది. ఏటేటా అదే బండ సందులో దాన్ని వెతికి, బోర్లించి చూసి, ఒక పేరు రాసి, మళ్లీ చెరిపేసేది. చెరిపి చెరిపి అక్కడ కాగితం పలచబడింది.

మొన్న టీచరమ్మను ఆమె వాకిట్లోనే పడుకోబెట్టారు. ఒంటి నిండా బంతులు, చామంతులు. సారయ్య భార్యతో కలిసి వచ్చాడు. ఆమె కొంగు విప్పింది. పొద్దున్నే గుట్టెక్కి తెంపిన పసుపు పూలు. ఆ బండ సందువే.

"దీని పేరేంది అయ్యగారూ? టీచరమ్మకు చెప్పి పెడ్త" అన్నది.

నాలుగు వీధులకు వినపడే గొంతు నాది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఒక పువ్వు తీసుకుని బోర్లించి చూశాను. సన్నని సూదులు, అవే.

"తెల్వదమ్మా" అన్నాను. "టీచరమ్మకు కూడ తెల్వలే."

ఆ తల్లి తల ఊపింది. టీచరమ్మ పాదాల దగ్గర ఆ పూలను ఒక్కొక్కటే పెట్టింది. మిగతా పూలన్నీ ముఖాలు పైకెత్తి ఉన్నాయి. అవి మాత్రం బోర్లా, ఆకుపచ్చని గిన్నెలు పైకి.