కాకి దిగిందనే రాయి

పెత్తరమాస, పోయినవాళ్లకు పెట్టే అమాస కదా అని ఈ పొద్దున సూరారంలో మా డాబా మీద ఆకు వేసి, పోయిన మా ఆయన పేర ఇంత బువ్వ, కూర పెట్టి పక్కకు జరిగాను. కాకి వచ్చి కేబుల్ తీగ మీద కూర్చుంది గానీ దిగలేదు. ఏటా అయితే రమ్మని ఒక కేక వేసేదాన్ని. ఈసారి నోరు తెరవబోయి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, నా గొంతుకు అది ఎగిరిపోతుందేమోనని. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక మనిషి పెట్టింది. నాకు సంతకం దాటి చదువు లేదు. ఇదంతా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నా కోడలి తల్లి, అంటే మా వియ్యపురాలు, కోస్తా వైపు మనిషి. బళ్లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరై, దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటోంది. ఆదివారాలు కాలనీ పిల్లలను కూర్చోబెట్టుకుని కథలు రాయించేది. ఒకసారి మా ఇంటికొచ్చి తల పట్టుకుంది. "వదినగారూ, నవ్వొచ్చే కథ రాయమంటే మావాళ్లు నీతికథ రాసుకొస్తున్నారండీ. మీరు నోరు విప్పితే చాలు ఇల్లంతా నవ్వుతుంది. ఒక్కసారి వచ్చి నేర్పరూ" అంది. నాది చిన్ననాటి నుంచీ బొంగురు గొంతు. పాటకు పనికిరాదు గానీ తిట్టుకూ కథకూ సరిపోతుంది. సరేనని గండిమైసమ్మలో ఆటో మారి పోవడం మొదలుపెట్టాను. మొదటి రోజే ఒక పిల్ల, అరటితొక్క మీద మనిషి జారిపడ్డ కథ చదువుతూ తనే ముందు నవ్వింది. మిగిలినవాళ్లు గోళ్లు చూసుకుంటున్నారు.

"ఆ మనిషి యాడికి పోతుండు బిడ్డా?"

"ఎక్కడికీ లేదు మామ్మగారూ, ఊరికే."

"ఊరికే పోయేటోడు పడితే ఏం నవ్వొస్తది? పిల్లను చూసుటానికి పోతుండని రాయి. ఇస్త్రీ జేసిన తెల్ల ప్యాంటేసుకుండు. అది గూడ దోస్తుగానిది."

అప్పుడు నవ్వారు. ఇగ ఆ ఆదివారం నుంచి నాకు తెలిసిందంతా చెప్పాను. కథలో ఉన్నవాడికి అది నవ్వులాట కాదు, ప్రాణసంకటం. చెప్పేవాడు ముందు నవ్వకూడదు. ఆఖరుకు విన్నవాళ్లు అనుకున్నది జరగకూడదు. పిల్లలు తలలూపుతూ రాసుకుంటుంటే నాకు కొంచెం గర్వమే అయ్యింది, దాచుకోవడం దేనికి.

క్లాసయ్యాక మేమిద్దరం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్లం. అట్లా ఒకనాడు, ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. మనిషి పోయిన మూడో దినం పిట్టకు పెట్టడమంటే మా దగ్గర పెద్ద పని. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎవరూ కదలరు. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో మిగిలిందని లెక్క. మేడ్చల్ అవతల మా పొలం గట్టున మటన్, కల్లు, బీడీకట్ట, అన్నీ పెట్టాం. కాకి తుమ్మకొమ్మ మీదే కూర్చుంది. మా మరిది చేతులు జోడించి, "అన్నా, నీ స్కూటర్ ముట్ట, ఒట్టు" అన్నాడు. ఆయన పోయిన మర్నాడే తాళంచెవి వాడి జేబులో చేరిందని అప్పుడు తెలిసింది. నా కొడుకు ఏడుస్తూ, "నాయినా, సిగరెట్లు బంద్ జేస్త" అన్నాడు. వాడు తాగుతాడని కూడా అప్పుడే తెలిసింది. కాకి మాత్రం తల అటు తిప్పుకుంది. అందరూ విసిగి చెరువు వైపు నడిచాక నేనొక్కదాన్నే ఆకు దగ్గరికి పోయి మెల్లగా అన్నాను: "ఇగ నిన్ను తిట్టనయ్యా. దిగు, బువ్వ సల్లారుతాంది." దిగింది. నా కాళ్ల ముందే తిన్నది.

అది ఆయనకూ నాకూ నడుమ ఆఖరి మాట. "నా కొడుక్కు గూడ తెల్వదు వదినా, నీ కడుపులనే ఉంచుకో" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

కాలనీ పండుగనాడు మా ఇంటివాళ్లందరినీ పిలిచి ముందు కుర్చీల్లో కూర్చోబెట్టింది. అరటితొక్క పిల్ల మైకు ముందుకొచ్చి కథ మొదలుపెట్టింది. స్కూటర్ వచ్చింది, సిగరెట్లు వచ్చాయి. జనం పడిపడి నవ్వుతున్నారు. పక్కన నా కొడుకు తల దించుకున్నాడు. ఇగ ఆఖరుకు పెళ్లాం వచ్చింది. బొంగురు గొంతుతో "తిట్టనయ్యా, దిగు" అన్నది. ఆ గొంతు వినగానే కాకి బెదిరి, మేడ్చల్ దాటి షామీర్‌పేట చెరువు దాకా ఆగకుండా ఎగిరిపోయిందట. చప్పట్లు ఆగలేదు. ఆ పిల్ల పరుగున వచ్చి, "మామ్మగారూ, మీరు చెప్పినట్టే నేను అస్సలు నవ్వలేదు" అంది. దాని తల నిమిరాను. దానికేం తెలుసు.

వియ్యపురాలిని మెట్ల దగ్గర ఆపి, నా మాట కథలో ఎందుకు పెట్టించావని అడిగాను. "పేరు పెట్టలేదు కదా వదినగారూ. అయినా కాకి దిగితే నవ్వెక్కడుందండీ? ఆఖరుకు అనుకున్నది జరగకూడదని మీరేగా నేర్పారు" అంది. మెట్లు దిగి వచ్చేశాను. తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. మా మరిది ఇంటికొచ్చి, "వదినె, నిజంగనే ఎగిరిపోయిందా ఆనాడు?" అన్నాడు. కాదు, దిగిందంటే, "నువ్వు గట్లనే అంటవు తియ్" అని నవ్వాడు. నా కొడుకు అడగలేదు. కానీ నేను కేక వేసినప్పుడల్లా ఒక క్షణం నా మొహం వైపు చూస్తాడు.

ఇక్కడిదాకా రాసి మనవరాలు కలం ఆపింది. "అవ్వా, అమ్మమ్మ కథల ఎగిరిపోయింది కదా. నేనేది రాయాలె?"

"దిగిందనే రాయి బిడ్డా" అన్నాను.

రాసింది. తీగ మీది కాకి ఇంకా అట్లనే ఉంది, నేనింకా పిలవలేదు. కళ్లు మూసుకుంటే ఇప్పుడు నాక్కూడా ముందు ఎగిరేదే కనబడుతోంది. ఆయన పోయిన దుఃఖాన్ని కాలం ఏటికేడు అరగదీసింది గానీ, ఆ కాకిని ఆకు మీద నుంచి కదిలించలేదు. అన్నేళ్ల కాలం కదపలేనిదాన్ని ఒక్క సాయంత్రపు నవ్వు లేపేసింది.